మా ఇంటి పైలట్

చిత్తూరు ఎండల్లో కోటు వేసుకుని బడికి వెళ్ళే చరిత్ర మాస్టరును నేనొక్కణ్ణే. ఎనభైల మొదట్లో, మా నాయన పోయిన మరుసటి ఏడు, ఆ కోటు లోపలి జేబులో ఒక కాగితం నెల రోజులపాటు ఉండిపోయింది. దాన్ని నేను చదవలేదు. దాని మీద సంతకమూ పెట్టలేదు.

ఆ కాగితం తెచ్చి ఇచ్చినవాడు మా చిన్నాయన, అంటే మా నాయన ఒక్కగానొక్క తమ్ముడు. స్వాతంత్ర్య సమరయోధుల పింఛనుకు దరఖాస్తు అది, ఇంగ్లీషులో టైపు చేయించినది. ఆయన మా ఇంటి మనిషేనని, యుద్ధం నాటికి మలయాలో ఉన్నాడని, పైన రాసిందంతా మాకు తెలిసినంతలో నిజమని, ఇంటికి పెద్ద కొడుకుగా నేను అడుగున సంతకం చేయాలి.

మా ఇంటి పద్ధతి ఒకటి ఇక్కడ చెప్పక తప్పదు. ఇంట్లో పెద్దవాళ్ళు సంతకానికి ఇచ్చిన కాగితాన్ని మేము చదవం. చదివితే ఇచ్చినవాణ్ణి అనుమానించినట్టు. ఒకప్పుడు ఏడు పల్లెల తగవులు మా అరుగు మీద తీరేవి. నోటిమాటే పత్రంగా చెల్లిన వంశం. మా నాయన ఆ పద్ధతి ప్రకారమే పెద్దవరస దాయాది ఒకాయన ఇచ్చిన కాగితం చదవకుండా సంతకం చేసి, రెండు మామిడితోపులూ మేడా పోగొట్టుకున్నాడు. అద్దె ఇంట్లో కూర్చుని కూడా ఆయన నడుము వంచలేదు. "సదవలేదని నాకేమి సిగ్గు? అట్లా రాసినోడు పడాల సిగ్గు" అనేవాడు. ఆ మాట నాకు అప్పట్లో గొప్పగా ఉండేది. నిజం చెప్పాలంటే ఇప్పటికీ కొంత గొప్పగానే ఉంది.

కాబట్టి చదవడానికి పద్ధతి అడ్డం. చదవకుండా సంతకం పెట్టడానికి అనుమానం అడ్డం.

అనుమానం ఎందుకంటే, మా చిన్నాయన పైలట్ అని నేను ఊహ తెలిసినప్పటి నుంచీ వింటూ పెరిగాను. మా తాతతో పోట్లాడి మద్రాసులో ఓడెక్కి మలయా వెళ్ళాడు. అక్కడ మనవాళ్ళు ఇంగ్లీషువాళ్ళ మీద కట్టిన సైన్యంలో చేరాడు. విమానం నడపడం నేర్చుకున్నాడు. యుద్ధం ఓడిపోవడంతో ఇంగ్లీషువాళ్ళ చెరలో కొన్నాళ్ళుండి తిరిగొచ్చాడు. ఆయన రైలు దిగిన రోజు నాకు ఆరేడేళ్ళు. చిత్తూరు స్టేషన్లో మా నాయన చేయించిన పూలమాల నాకు గుర్తుంది. మాల వేసి, తమ్ముణ్ణి గట్టిగా కౌగిలించుకుని, చెవి దగ్గర ఏదో చెప్పాడు నాయన. అన్నదమ్ముల ప్రేమంటే అట్లా ఉంటుందనుకున్నాను. తరువాత ఏ పెళ్ళికి వెళ్ళినా, ఏ పంచాయితీలో కూర్చున్నా, నాయన విమానం కథ చెప్పకుండా లేచేవాడు కాదు. తోపులు పోయినా, మేడ పోయినా, చెప్పుకోవడానికి మాకు ఒక విమానం మిగిలింది.

పెద్దయ్యే కొద్దీ నాకు ఆ కథ గొంతులో ముల్లులాగా తగలసాగింది. విమానం నడిపిన మనిషి తిరుమల ఘాట్ రోడ్డులో మూడో మలుపుకే కిటికీలోంచి తల బయట పెట్టి వాంతి చేసుకుంటాడా? మామిడి మండీలో కాపలా ఉద్యోగం చేస్తూ, అటక మీది తట్ట దించమంటే నిచ్చెన ఎక్కడానికి వెనకాడతాడా? మా ఇంటికి వచ్చినప్పుడు చావడిలో కూర్చోకుండా వంటింటి గడప దగ్గర నిలబడి, పప్పు వాసన చూసి, "ఉప్పు సాల్లేదమ్మా" అని నా భార్యకు చెప్పడం నాకు మరీ నచ్చేది కాదు. మా ఇంటి మగవాళ్ళకు వంటింటితో పనేమిటి? అన్నిటికన్నా పెద్ద అనుమానం ఇంకొకటి. ఇన్నేళ్ళూ ఊరుకున్న మనిషి సరిగ్గా మా నాయన పోయాకే దరఖాస్తు ఎందుకు రాయించాడు? అసలు సంగతి తెలిసిన ఒకే ఒక్క మనిషి పోయాడు కాబట్టి రాయించాడు. నా లెక్క అది.

నా భార్యకు నా లెక్కలతో ఓపిక లేదు. "సదివితే ఏమి, అక్షరాలు అరిగిపోతాయా? సంతకం పెడితే పెట్టండి, లేకుంటే పెట్టనని సిన్నమామతో చెప్పేయండి. కోటు ఉతకనీకుండా నెలంతా తిరుగుతా ఉండారు" అంది ఒకరోజు. నేను కోటు గుండీలు పెట్టుకుంటుంటే, "అంత అనుమానం ఉంటే కాణిపాకం పిలుచుకోనిపోయి దేవుడి ముందర ప్రమాణం చేపించండి. బస్సెక్కితే అరగంట" అని నవ్వింది.

కాణిపాకం వినాయకుడి ముందు అబద్ధం చెబితే బతకరని మా వైపు నమ్మకం. గొడ్లను దొంగిలించినవాళ్ళను, గట్లు జరిపినవాళ్ళను అక్కడికి తీసుకెళ్ళి ప్రమాణం చేయిస్తారు. మా తాత అట్లాంటివాళ్ళను ఎంతమందినో పంపించాడు. మా ఇంటి మనిషిని ఆ వరసలో నిలబెట్టడమా? ఆ మాట మళ్ళీ ఎత్తవద్దన్నాను.

అదే వారం తిరుపతి నుంచి నా స్నేహితుడు, కాలేజీలో లెక్చరరు, ఒక కార్డు రాశాడు. అతనూ ఇంకొందరూ కలిసి నడిపే ఫిల్మ్ క్లబ్బు నెలకొక ఆదివారం పొద్దున ఒక థియేటరు అద్దెకు తీసుకుని విదేశీ సినిమా వేసేది. ఈసారి కొరియా సినిమా అనీ, తమ దేశాన్ని విడిపించుకోవడానికి కొందరు యువకులు పరాయి దేశం వెళ్ళి విమానం నడపడం నేర్చుకునే కథ అనీ రాశాడు. కార్డు రెండుసార్లు చదివాను. ప్రమాణం అక్కర్లేదు. ఆయన్ని తెర ముందు కూర్చోబెడితే చాలు, నేను పక్కన కూర్చుని ముఖం చూస్తే చాలు అనిపించింది.

బస్సులో చిన్నాయన కిటికీ పక్కన నిమ్మకాయ వాసన చూసుకుంటూ కూర్చున్నాడు. పాకాల దాటాక అడిగాడు.

"ఏంది అబ్బోడా, ఎన్నడూ లేంది సినిమాకు పిలుచుకోనిపోతా ఉండావు?"

"విమానాల సినిమా చిన్నాయనా. మీకు నచ్చుతాదని."

ఆయన నా వైపు ఒక్కసారి చూసి, ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాడు. దొరికాడు అనుకున్నాను.

థియేటరు ముందు నలభై యాభై మంది ఉన్నారు. ఇది ఏ కొరియా సినిమా, ఉత్తరమా దక్షిణమా అని ఇద్దరు లెక్చరర్లు గొంతు తగ్గించి వాదించుకుంటున్నారు. క్లబ్బు ఏ సినిమా వేసినా మఫ్టీలో ఒక పోలీసాయన వచ్చి చివరి వరసలో కూర్చునేవాడు. ఆయన ఎవరో అందరికీ తెలుసు, తెలియనట్టు నమస్కారం పెట్టేవాళ్ళు. ఆ రోజు నా కోటు చూసి నేనే నిర్వాహకుణ్ణి అనుకున్నట్టున్నాడు, దగ్గరికొచ్చాడు.

"సార్, ఈ సినిమాలో బాంబులు ఎయ్యడం అట్లాంటివి ఏమైనా ఉండాయా?"

"నేనూ చూడలేదు. సినిమా చూడ్డానికి వచ్చినవాణ్ణే" అన్నాను. ఆయన నమ్మలేదు. మా వెనక వరసలోనే వచ్చి కూర్చున్నాడు.

సినిమాలో మాటలు కొరియా భాషలో ఉన్నాయి, కింద ఇంగ్లీషు అక్షరాలు పడుతున్నాయి. చిన్నాయనకు ఇంగ్లీషు రాదు. నేను ఒక కన్ను తెర మీద, ఒక కన్ను ఆయన మీద పెట్టి, ముక్కలు ముక్కలుగా చెవిలో చెబుతూ వచ్చాను. బక్కపలచని కుర్రవాళ్ళు అమెరికాలో ఓడ దిగుతారు. అక్కడ వాళ్ళ దేశస్థుడే ఒకాయన వందల ఎకరాల్లో వరి పండిస్తుంటాడు. ఆ వరి అమ్మిన డబ్బుతో రెండు రెక్కల పాత విమానాలు కొంటాడు. కుర్రవాళ్ళు పొలం పక్కనే రేకుల కొట్టంలో పడుకుని, పగలు విమానం నేర్చుకుంటారు.

"అమెరికాలో వరి యాడుండాదప్పా! అంతా కట్టుకథ" అన్నారెవరో ముందు వరసలో.

"నారు పొయ్యకుండా ఒడ్లు సల్లేస్తా ఉండారే" అన్నాడు చిన్నాయన. నేను చూడాలనుకున్నది ఆయన వరి పరిజ్ఞానం కాదు.

మొదటి విమానం నేల వదిలే ఘట్టం వచ్చింది. కుర్రవాడు కళ్ళద్దాలు దించుకున్నాడు, ఇంకొకడు విమానం ముందున్న పంకా తిప్పాడు, చక్రాలు గడ్డిలో ఎగిరెగిరి పడుతున్నాయి. థియేటరంతా ఊపిరి బిగబట్టింది. నేను చిన్నాయన ముఖం చూశాను. ఆయన విమానం వైపు చూడటం లేదు. తెరకు ఒక మూల, కొట్టం ముందు, పొయ్యి మీద ఒక అండా కనిపిస్తోంది. దాన్ని చూస్తున్నాడు.

"ఆ అండాలో ఏముండాది అబ్బోడా?"

"నాకేమి తెలుసు చిన్నాయనా. విమానం చూడండి."

విమానం గాల్లో ఒక పక్కకు ఒరగగానే ఆయన కళ్ళు మూసుకుని నిమ్మకాయ ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కోర్టులో ఎదుటివాడి సాక్షి తడబడుతుంటే వకీలు ఎంత సంతోషిస్తాడో అంత సంతోషించాను. ఆ సంతోషం తలుచుకుంటే ఇప్పుడు నాకు బాగా అనిపించదు.

కొంతసేపటికి శత్రువులు ఎవరన్నది వచ్చింది.

"జపానోళ్ళా? వాళ్ళేంటికి?" అన్నాడు.

"వీళ్ళ దేశాన్ని వాళ్ళు పట్టుకోని ఉండారు గదా. మీరు మలయా పోకముందు, ఎన్నో ఏండ్ల నుంచీ."

ఆయన సీట్లో ముందుకు జరిగాడు. నాకు ఇంకొక సాక్ష్యం దొరికింది. జపాను వాళ్ళ చలవతో మనవాళ్ళు సైన్యం కట్టినచోట ఉండి, వాళ్ళ దగ్గరే విమానం నేర్చుకున్నాడన్న మనిషికి ఈ మాత్రం తెలియదా?

సినిమా గెలుపుతో ముగియలేదు. కోతకు వచ్చిన వరి మీద వానలు పట్టుకున్నాయి, చేలు మునిగాయి, పైరు కుళ్ళింది, విమానాల బడి మూతపడింది, విమానాలు అమ్ముడుపోయాయి. కుర్రవాళ్ళు తలొక దారి పట్టారు. ఒకడు ఏదో ఊళ్ళో హోటల్లో గిన్నెలు కడుగుతుండగా సినిమా అయిపోయింది. శత్రువు మీదికి ఒక్క విమానమూ పోలేదు.

"అంతేనా సార్? బాంబు ఎయ్యనే లేదే!" అన్నాడు మఫ్టీ ఆయన. తెరిచిన చిన్న పుస్తకంలో ఏమీ రాయకుండా మూసేశాడు. పాపం, అందరికన్నా ఆయనే ఎక్కువ నిరాశపడ్డాడు.

బస్టాండు దగ్గర భోజనం హోటల్లో ఎదురెదురుగా కూర్చున్నాం. నేను అడగాల్సిన మాటను ఎట్లా మొదలుపెట్టాలా అని చూస్తుంటే, చిన్నాయన రసం కలుపుకుంటూ తనే మొదలుపెట్టాడు. ఆయనకు కోపంగా ఉంది.

"అంతమంది పిలకాయలు. తెల్లారి లేస్తే కొండను మింగేంత ఆకలి. ఎవురు వండినారు వాళ్ళకి? ఒక్కపారైనా సూపించినాడా? అండా సూపించినాడు, గరిట పట్టినోణ్ణి సూపించలేదు."

"సినిమా విమానాల గురించి చిన్నాయనా."

"కడుపులో కూడు లేకుండా విమానం లేస్తాదా?"

ఇక పద్ధతులన్నీ పక్కన పెట్టాను. "చిన్నాయనా, మీరు విమానం తోలినారా?"

"లేదు."

"ఎక్కనైనా ఎక్కినారా?"

"సచ్చినా ఎక్కను. ఘాట్ రోడ్డే పడదు నాకు." పిడికెడు అన్నం నోట్లో పెట్టుకుని, "ఆ కాగితంలో రాయించినా గదా. సదవలేదా?" అన్నాడు.

"మన ఇంట్లో చదివే అలవాటు లేదు గదా."

ఆయనకు నవ్వు పట్టుకుంది. అన్నం పొలమారి దగ్గు వచ్చి, హోటలాయన నీళ్ళు తెచ్చి నిలబడేదాకా నవ్వాడు. "ఓరి నీ! నెల్లాళ్ళు నన్ను దొంగను సూసినట్టు సూస్తివే. సదవకుండానేనా! నిన్ను మీ నాయనే కన్నాడ్రా, అనుమానం లేదు."

చెయ్యి కడుక్కొచ్చి కాగితం తీసి చదివాను. కుక్ అని ఉంది. సైన్యంలో వంటవాడుగా పనిచేశాననీ, విమానం నేర్చుకోవడానికి జపాను వెళ్ళబోతూ శిక్షణలో ఉన్న కుర్రవాళ్ళకు నాలుగు నెలలు వండిపెట్టాననీ, వాళ్ళు ఓడెక్కాక వేరే దళంతో ఉండి ఇంగ్లీషువాళ్ళకు పట్టుబడి ఎనిమిది నెలలు చెరలో ఉన్నాననీ రాసి ఉంది. అంతే. పెద్దమాట ఒక్కటీ లేదు.

"చెరలో నుంచి మీ నాయనకు ఉత్తరం రాసినా. వంట అనే రాసినా, దాపరికమేముండాది? టేషన్లో దిగేసరికి మాల, జనం. మాలేసి చెవిలో చెప్పినాడు మీ నాయన. నువ్వు పైలట్టని ఊరంతా చెప్పేసినా, నోరు మూసుకోమని. సరే, పెద్దోడు. ఆయనుండే వరకు మూసుకోనుంటిని. ఆయన మాట తప్పినానా?"

ఆయన గ్లాసులో మిగిలిన నీళ్ళు తాగాడు.

"జపానోళ్ళ వంటకొట్టంలో ఒగడుండె. నాతో కలిసి బియ్యం కడిగేవాడు. వాడు కొరియావోడంట. మేము జపానోళ్ళతో నవ్వతా మాట్లాడితే మమ్మల్ని పాముల్ని సూసినట్టు సూసేవాడు. మా పక్కన కూసోని ఒగనాడూ తినలేదు. మిడిసిపాటు అనుకుంటి ఇన్నాళ్ళూ. ఈపొద్దు తెలిసొచ్చె. వాని దేశాన్ని పట్టుకున్నోళ్ళతో మేము పకపకలాడతా ఉంటే, వాడు మమ్మల్ని నమ్మేదెట్లా?"

నా బుర్రలో తిరుగుతున్నది ఇంకొక ఆలోచన, అంత గొప్పది కాదు. ఈ కాగితం తాలూకా ఆఫీసుకు వెళ్తుంది. అక్కడ సగం మందికి మా నాయన చెప్పిన కథ తెలుసు. "చిన్నాయనా, కుక్ బదులు సరఫరా విభాగం అని రాయిస్తే ఎట్లుంటాది? అదీ అబద్ధం కాదు" అన్నాను.

"ఏమి, వంటోడికి సంతకం పెడితే సెయ్యి కాలతాదా?" అన్నాడు ఆయన, లేచి నిలబడుతూ. "పెట్టకుంటే పెట్టొద్దులే. ఇంగొగ మాట రాసేది లేదు."

ఆ సాయంత్రం ఇంటికి రాగానే మా నాయన పెట్టె తెరిచాను. చిన్నాయన ఒప్పుకున్నదాన్ని కూడా నేను నమ్మలేదన్నమాట. ఉత్తరం అడుగున దొరికింది. సెన్సారు ముద్ర ఉంది. గుండ్రటి పెద్ద అక్షరాలు, ఎక్కడా మరక లేదు. "అన్నా, నేను వంట చేస్తూ ఉన్నాను" అని రెండో పంక్తిలోనే ఉంది. చదవకుండా సంతకాలు పెట్టిన మా నాయన దీన్ని మాత్రం చాలాసార్లు చదివినట్టుంది, మడతల దగ్గర కాగితం చినిగే దశలో ఉంది.

సోమవారం బడికి సెలవు పెట్టి చిన్నాయనతో తాలూకా ఆఫీసుకు వెళ్ళాను. ఆఫీసువాళ్ళ ఎదుట సంతకం చేయాలి. కాగితాలు చూసే గుమాస్తా మా నాయనను ఎరిగినవాడు. బెంచీ మీదా గోడ వారా ఏడెనిమిది మంది కాచుకుని ఉన్నారు. గుమాస్తా దరఖాస్తు మీద వేలు నడిపిస్తూ ఒకచోట ఆగాడు.

"సార్, ఈడ తప్పు పడిందే. పైలట్ సార్ను పట్టుకోని కుక్ అని కొట్టేసినాడు టైపు కొట్టినోడు. ఏం పర్వాలేదు, దాన్ని కొట్టేసి పైన రాసి, పక్కన చిన్న సంతకం పెడితే సరి." తన పెన్ను మూత తీసి నా చేతికి ఇచ్చాడు.

మంచి ఉద్దేశంతోనే ఇచ్చాడు. ఒక్క గీత గీస్తే చాలు, ఆఫీసులో కథ కథలాగే ఉంటుంది, మా నాయన మాట మాటలాగే ఉంటుంది. చిన్నాయన వైపు చూశాను. ఆయన గోడ మీది క్యాలెండరు చూస్తున్నాడు. నాకు సాయం చేసే ఉద్దేశం ఆయనకు లేదు.

"తప్పు కాదప్పా. కుక్ అనేదే సరి" అన్నాను. అవసరమైనదానికన్నా గట్టిగానే వచ్చింది. గోడ వారనున్నవాళ్ళు తలలు తిప్పారు.

"అదేంది సార్! మరి పెద్దాయన... నాకే ఎన్నిసార్లో చెప్పినాడే, మా తమ్ముడు పైలట్టని?"

మా నాయన అబద్ధం చెప్పాడు. చెప్పవలసింది ఆ నాలుగు మాటలే. నోటిదాకా వచ్చాయి. నడుము నిటారుగా పెట్టుకుని నిలబడ్డాను గానీ నోరు తెరవలేకపోయాను.

"మా అన్నది తప్పు కాదబ్బా" అన్నాడు చిన్నాయన, క్యాలెండరు మీది నుంచి చూపు తిప్పకుండా. "సముద్రం మీద వచ్చిన ఉత్తరం. సగం తడిసిపోయి ఉన్నిందంట. మిగిలిన సగం సదివి, అట్లనుకున్నాడు పాపం."

గుమాస్తా ఆయన్ని చూశాడు, నన్ను చూశాడు. "అంతేనా సార్?" అని నన్నే అడిగాడు.

"అంతే" అన్నాను.

కాగితాన్ని మొదటి నుంచి చివరిదాకా ఇంకొకసారి చదివి, సంతకం పెట్టాను. గుమాస్తా నమ్మలేదని తెలుస్తూనే ఉంది. ముద్ర కొడుతున్నప్పుడు కూడా నా ముఖం వైపే చూస్తున్నాడు.